నాన్న బండి, యాక్సిలేటర్ వైరు

జూలై 8, మంగళవారం
మా ఆయన మళ్ళీ యాక్సిలేటర్ వైరు బిగించాడు. పొద్దున్న స్కూలుకి బయల్దేరి, వాకిట్లో హ్యాండిల్ ఎడమకి తిప్పానో లేదో ఇంజను దానంతటదే గర్రుమంది. బండి ముందుకి దూకింది. గేటు స్తంభానికి జానెడు దూరంలో ఆగాను.

వైరులో కాస్త వదులు ఉండాలి. లేకపోతే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా అదే లాగేసుకుంటుంది. నాన్న నేర్పినది ఇది. స్టార్ట్ చేసి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు, శబ్దం మారకూడదు. ఆయన ఈ బండి మీదే లంక ఊళ్ళన్నీ తిరిగి ఉత్తరాలు పంచారు. ఒక్కసారి కూడా పడలేదు.

సాయంత్రం అతనికి చెప్పాను.
"వదులుగా ఉంటే చచ్చు బండిలా ఉంటది. మీ నాన్న పోస్టుమానా, మెకానిక్కా?"

నోటితో ఈయన్ని 'మీరు' అంటాను. ఈ పేజీలో అనను.

జూలై 9
వదులు చేశాను. పది నంబరు పానా, రెండు నిమిషాల పని.

జూలై 10
బిగించాడు.

జూలై 12, శనివారం
వదులు చేశాను. మాటల్లేవు. నేను ఎదురుగా కూర్చుని బీరకాయలు చెక్కుతుంటే వాళ్ళమ్మతో అంటాడు — "దాంతో చెప్పమ్మా, బండి ముట్టుకోవద్దని."
అత్తయ్యగారు నా వైపు తిరిగి, "ముట్టుకోవద్దంటున్నాడమ్మా."
"ఆయ్, వినపడిందండి," అన్నాను.

జూలై 13
చర్చిలో పాస్టరుగారు క్షమాపణ గురించి చెప్పారు. అతను మగవాళ్ళ వైపు, నేను ఆడవాళ్ళ వైపు. మధ్యలో నడవ. అదే నయం.

జూలై 15
పానా స్కూల్లో నా బల్ల సొరుగులో దాచాను. అయినా బిగించాడు, కటింగ్ ప్లేరుతో. నట్టు మూలలన్నీ అరిగిపోయాయి. ఇప్పుడు పానా కూడా పట్టదు. నాన్న ఇన్నేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదు... నాకు ఏడుపు రాలేదు. పళ్ళు కొరికాను.

జూలై 17, గురువారం
రాజోలు కళ్ళ డాక్టరు దగ్గరికి అత్తయ్యగారిని తీసుకెళ్ళాడు. వాకిట్లో స్టార్ట్ చేసి హ్యాండిల్ తిప్పాడు. గర్రుమంది. నేను గుమ్మంలో ఉన్నాను. అతను నా వైపు చూశాడు — ఏం, అను చూద్దాం, అన్నట్టు.

అనలేదు. పడితే తెలుస్తుంది అనుకున్నాను. పడేది అతనొక్కడే అన్నట్టు అనుకున్నాను. వెనక సీటు మీద ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నారు. చూస్తూనే ఉన్నాను.

లాకుల దగ్గర మలుపులో బండి కాలవ గట్టు దిగి పడింది. అతనికి చర్మం కూడా గీరుకుపోలేదు. అత్తయ్యగారి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

జూలై 18
కట్టు మోచేతి దాకా ఉంది. తల దువ్వి జడ వేశాను. "నీ చెయ్యి చల్లనమ్మా," అన్నారు. దువ్వెన కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను.

జూలై 20, ఆదివారం
చర్చి నుంచి జనం వచ్చారు, ప్రార్థన చేశారు. అందరికీ ఒకటే మాట చెప్తున్నాడు — "పాత బండండీ. మావగారిది. ఎప్పుడు ఏం చేస్తదో తెలీదు." వాళ్ళు "ఆయ్, అంతేనండి" అంటున్నారు. నేను టీలు అందిస్తున్నాను. గ్లాసు అతని చేతికి ఇవ్వలేదు, అరుగు మీద పెట్టాను.

జనం వెళ్ళాక షెడ్డులోకి వెళ్ళి చూశాను. మడ్‌గార్డు వంగింది, ఒక అద్దం పోయింది. వైరు మాత్రం ఇంకా బిర్రుగానే ఉంది. ప్లేరుతోనైనా వదులు చేద్దామని చెయ్యి వెళ్ళింది. చెయ్యలేదు. ఎవరైనా అడిగితే చూపించాలి కదా... ఎవరూ అడగరు.

జూలై 22, మంగళవారం
రేపు మలికిపురం నుంచి తుక్కు కొట్టు అతను బండి కోసం వస్తాడట. నాకు చెప్పలేదు, ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను.

ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. పది రోజుల తర్వాత అతని మొహం చూసి మాట్లాడటం.
"అది మా నాన్నది. ఇవ్వను."
"మా అమ్మ చెయ్యి విరగ్గొట్టిన బండి నా వాకిట్లో ఉండదు."
"విరగ్గొట్టింది బండి కాదు. మీరు. బిగించొద్దని ఎన్నిసార్లు చెప్పేనండి?"

అతను మెల్లిగా — "ఆ రోజు చెప్పలేదేం? గుమ్మంలోనే ఉన్నావు. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను."

తలుపు అవతల మంచం కిర్రుమంది. అత్తయ్యగారు మెలకువగానే ఉన్నారు.

ఎనిమిదింటికి పళ్ళెంలో అన్నం కలిపి పట్టుకెళ్ళాను. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ నోరు తెరవలేదు. కట్టు లేని చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏం విన్నావమ్మా?"

పెరుగన్నం వేళ్ళ సందుల్లోంచి పళ్ళెంలోకి కారుతోంది. ఆవిడ చెయ్యి వదల్లేదు.