మసి నిజంగా తగ్గింది

రెజైనా నగరం, గురువారం రాత్రి

డీజిల్‌ను ఇంజిన్ సిలిండర్‌లోకి ఒకేసారి కాకుండా మూడు విడతలుగా చల్లితే పొగలో మసి సగానికి తగ్గిందని వారం రోజులుగా సంబరపడుతున్నాను. ఈ ఉదయం మూర్తి గారు, రిటైరయ్యాక కూడా మా ల్యాబ్‌కు సాయానికి వచ్చే ఇంజనీరు, పొగను కొలిచే మీటర్ గొట్టం విప్పి చూపించారు. మసితో సగం పూడిపోయి ఉంది.

"రీడింగ్ తగ్గింది గానీ పొగ తగ్గలేదమ్మా. క్లీన్ చేసి మళ్ళీ రన్ చేద్దాం," అన్నారు.

రేపే ప్రొఫెసర్ ముందు ప్రజెంటేషన్. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం దాకా ఆయన నా పక్కనే నిలబడి అన్నీ మళ్ళీ కొలిపించారు. మసి తగ్గింది, కానీ కొంచెమే.

"ఇది ఎవరడిగినా ధైర్యంగా చూపించొచ్చు," అన్నారు కోటు వేసుకుంటూ.

థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయాను. అబద్ధపు అంకెతో అందరి ముందు నిలబడకుండా ఆపిన మనిషికి ఆ ఒక్క మాట సరిపోతుందా... రేపు ప్రొఫెసర్ కంటే ముందు ఆయన్ని కలవాలి.