పాతిక మాటలు

జూన్ 8, ఆదివారం

ఇవాళ క్లినిక్‌లో నేనొక్కదాన్నే. పదింటికి మొదలుపెట్టి నాలుగుకల్లా రూటర్‌లో రెండు నెట్‌వర్క్‌లు చేసేశాను. ఫోన్లకు ఒకటి, కంప్యూటర్లకు ఒకటి. వాయిస్, డేటా. ఇన్నాళ్ళూ రెండూ కలిసి పడి ఉండేవి. పెద్ద ఫైళ్ళు అప్‌లోడ్ అయ్యేటప్పుడల్లా ఫోన్‌లో మాట కొంచెం తెగుతోందని డాక్టరమ్మ నెల రోజులుగా ఒకటే గోల. బయటి నుంచి ఇంజనీరును పిలుద్దామా అంది. ఎందుకండీ, నాకు వచ్చు అన్నాను. అప్పటికి రాదు. వచ్చు అనేశాక వారం రోజులు వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఈ క్లినిక్‌లో ప్రింటర్ ఆగినా నేనే, ఏసీ రిమోట్ కనపడకపోయినా నేనే. ఇదొక్కటి మాత్రం ఇంకొకడు వచ్చి చేసి పోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

మధ్యలో ఒకసారి ఆ నెట్‌వర్క్‌ల నంబర్లు మార్చాల్సి వచ్చింది. కాగితం మీద డేటాకు 10, వాయిస్‌కు 20 అని రాసుకున్నాను. వీడియోలో వాయిస్ 10, డేటా 20. వాళ్ళలాగే ఉంటే ముందు ముందు సులువని నేనూ అలాగే చేశాను. చివర్లో ప్రయారిటీ పేజీ ఒకటి ఉంది. లైను రద్దీగా ఉన్నప్పుడు ఎవరిని ముందు పంపాలో చెప్పే పేజీ. కాగితం పక్కన పెట్టుకుని అది కూడా నింపేశాను.

రిసెప్షన్ ఫోన్ నుంచి నా మొబైల్‌కు కాల్ చేసి, అక్కడ రేడియో పెట్టి, వీధి చివరిదాకా నడుచుకుంటూ విన్నాను. గంట కొట్టినట్టు ఉంది. నాలో నేనే నవ్వుకున్నాను.

జూన్ 10, మంగళవారం

మాది చెవి మిషన్ల క్లినిక్. మంగళవారాలు ఫోన్ పరీక్ష ఉంటుంది. మిషన్ పెట్టించుకున్నవాళ్ళకు నెలకొకసారి డాక్టరమ్మ ఫోన్ చేసి పాతిక మాటలు చదువుతుంది. వాళ్ళు తిరిగి చెప్పాలి. పాతికకు ఎన్ని అన్నదే మార్కు. తగ్గితే పిలిపించి మిషన్ సౌండ్ పెంచుతుంది.

ఇవాళ తొమ్మిది మందికి చేస్తే ఏడుగురికి మార్కులు పడిపోయాయి. లైను బాగానే ఉందా అని నన్ను అడిగింది. నేనే టెస్ట్ చేశానండీ, గంటలా ఉంది అన్నాను. అవును, వాళ్ళు మాట్లాడేది నాకు శుభ్రంగా వినపడుతోంది, వయసైపోతున్నవాళ్ళు కదా అంది.

కదా అన్నాను.

జూన్ 12, గురువారం

ఫోన్‌లో మాట ముక్కలు ముక్కలుగా వస్తోందని ఎవరో అన్నారట. రిసెప్షనిస్టు వచ్చి చెప్పింది. వాళ్ళ మొబైల్ సిగ్నల్ అయ్యుంటుంది అన్నాను. లేచి చూడను కూడా లేదు. టీ తాగుతున్నాను.

జూన్ 17, మంగళవారం

ఇవాళ అత్తయ్య వంతు. పోయిన నెల ఇరవై రెండు. ఇవాళ పదమూడు.

ఆ మిషన్ పెట్టించింది నేనే. ఏడాది క్రితం బతిమాలి తీసుకొచ్చాను. చెవిలో బఠాణీ పెట్టుకుని తిరగనా అని నవ్వింది అప్పుడు. మిషన్ పెట్టుకున్నాకే ఆడపడుచు తన పాపను ధైర్యంగా ఆమెకు వదిలి ఉద్యోగానికి వెళ్తోంది. పాపకు తొమ్మిది నెలలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆడపడుచు ఇంట్లో అత్తయ్య, పాప, ఇద్దరే.

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, మీ అత్తగారిది బాగా తగ్గిందమ్మా, మీవాళ్ళకు నువ్వే మెల్లగా చెప్పు అంది. మా ఆయనకు చెప్పాను. ఆయన వాళ్ళ చెల్లెలికి చెప్పాడు. మెల్లగా చెప్పడమైతే ఎవరికీ చేతకాలేదు.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం అత్తయ్య తన మొబైల్ నుంచి నా మొబైల్‌కు చేసింది. పావుగంట మాట్లాడుకున్నాం. ఒక్కసారి కూడా ఏంటీ అనలేదు.

జూన్ 22, ఆదివారం

ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. శుక్రవారం అత్తయ్య మిషన్ సౌండ్ పెంచారు. గరిట కింద పడితే చెంప మీద కొట్టినట్టు ఉలిక్కిపడుతోంది. కుళాయి తిప్పితే కళ్ళు మూసుకుంటోంది.

రేపటి నుంచి పాప క్రెష్‌కు వెళ్తుంది. ఆడపడుచు నా దగ్గరకొచ్చి ఏడ్చినంత పని చేసింది. పాప గొంతులో ఏదైనా అడ్డం పడి ఏడిస్తే, అమ్మకు వినపడకపోతే, నేను బతకగలనా వదినా అంది. ఏమంటాను? నిజమే కదా అన్నాను. నిజమేనని గట్టిగా నమ్మాలని కూడా చూశాను. బుధవారం ఆ పావుగంట మాత్రం గొంతుకు అడ్డంపడ్డ చేపముల్లులా ఉంది.

అత్తయ్య వాదించలేదు. పాప సంచి తనే సర్దింది. సీసా, మూడు జతల బట్టలు, నమిలి నమిలి చెవులు ఊడిన కుందేలుబొమ్మ. క్రెష్‌వాళ్ళకు తెలియదేమోనని, పాప నిద్రకు ముందు ఎడమ కాలు రుద్దాలని చీటీ రాసి పెట్టింది.

జూలై 2, బుధవారం, పగలు పదకొండున్నర

పన్ను తీయించుకోవడానికి సెలవు పెట్టాను. డెంటిస్టు దగ్గర బయట కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఆగలేక రాస్తున్నాను.

మధ్యాహ్నం వస్తానని చెబుదామని క్లినిక్ నంబరుకు ఫోన్ చేశాను. రిసెప్షనిస్టు ఎత్తింది. హలో అన్నది సగమే వచ్చింది. తరువాత ఏదో అంది, తోక వినపడింది, తల లేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. మధ్యలో గొయ్యి. నేను చెప్పేది మాత్రం ఆమెకు బాగా వినపడుతోందట. మీకు కూడా మిషన్ పెట్టించాలేమో అని జోక్ వేసింది. ఆ జోక్ ఒక్కటే ముక్క పోకుండా వచ్చింది.

ఇక్కడ సిగ్నల్ నిండుగా ఉంది. నా చెవులు బాగున్నాయి.

ఆవేళ ఆదివారం, ఖాళీ క్లినిక్‌లో టెస్ట్ చేశాను. ఒక్క కంప్యూటర్ కూడా నడవడం లేదు. ఖాళీ రోడ్డు మీద బండి తోలి బ్రేకులు భేష్ అన్నదాన్ని.

అదే రోజు, మూడు గంటలకు

ప్రయారిటీ పేజీ తెరిచాను. 20 పక్కన హై. 10 పక్కన లో. పాత కాగితం చూసి నింపాను కదా, అందులో 20 అంటే వాయిస్, రూటర్‌లో 20 అంటే డేటా. చెవి స్కాన్లు, పరీక్షల ఫైళ్ళు దర్జాగా ముందు వెళ్తున్నాయి. డాక్టరమ్మ చదివే పాతిక మాటలు వాటి వెనక నిలబడి, చోటు దొరికినప్పుడు వెళ్తున్నాయి. మా నుంచి వెళ్ళే మాటకే దెబ్బ. వచ్చే మాటకు లేదు. అందుకే మా వైపు ఎవరికీ తెలియలేదు.

రెండు నంబర్లు అటుదిటు మార్చాను. నాలుగు నిమిషాలు పట్టింది.

ఎవరికీ చెప్పలేదు.

జూలై 8, మంగళవారం

ఎనిమిది మందికి పరీక్ష. ఎనిమిది మందికీ మార్కులు పెరిగాయి. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. చూశావా, సౌండ్ పెంచాక ఎలా లేచాయో అంది. పెంచకపోయినా లేచేవని నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు వాళ్ళ చెవులు పాడయ్యాయన్నది రుజువైపోయింది. రుజువు చేసింది నేను.

తేలు కుట్టిన దొంగలా సీట్లో కూర్చున్నాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ నా భుజం తట్టింది. ఫోన్‌లో ఇప్పుడు ఒక్క ముక్క పోవడం లేదట, బయటి ఇంజనీరైతే ఇంత బాగా చేసేవాడు కాదట. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోతూనే థాంక్సండీ అన్నాను.

జూలై 13, ఆదివారం

చెప్పేద్దామని వెళ్ళాను. ఆడపడుచు వాళ్ళు పాపతో బయటికి వెళ్ళారు, అత్తయ్య ఒక్కతే ఉంది. మిషన్ పెట్టుకోవడం లేదు, తలపోటు వస్తోందట. దూదిలో చుట్టి డ్రాయర్‌లో పెట్టేసింది. క్రెష్ మొదలయ్యాక పగలంతా ఏం చేస్తున్నారని అడిగితే, గడియారాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది అంది.

పాప బట్టలు మడతపెడుతూ చెప్పాను. మీ చెవులకు ఏమీ కాలేదత్తయ్యా, రూటర్‌లో తప్పు చేసింది నేను అని. ఆమె నా ముఖం చూస్తూ కూర్చుంది. తరువాత టీ పెట్టనా అని లేచింది.

చెప్పాను. వినపడకపోతే నేనేం చేసేది?

జూలై 14, సోమవారం

నిన్న మెల్లగా చెప్పాను. కావాలనే మెల్లగా చెప్పాను.

జూలై 15, మంగళవారం

పరీక్ష కోసం అత్తయ్య మిషన్ పెట్టుకుందట. ఇరవై రెండు. డాక్టరమ్మ సంతోషించింది. ఆడపడుచు మాత్రం క్రెష్ మాన్పించలేదు. మిషన్ అంత పెంచితే గానీ వినపడటం లేదు, పెంచితే పెట్టుకోలేకపోతోంది, ఇంక పాపను ఎలా వదలను అంటోంది. తప్పు పట్టలేను.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. అపార్ట్‌మెంట్ సంఘానికి పదకొండేళ్ళు సెక్రటరీ. మిషన్ పెంచినప్పటి నుంచి తల పగిలిపోతోంది అన్నాడు. అలవాటవుతుంది లెండి అని డాక్టరమ్మ సర్దిచెప్పింది. ఆయన వెళ్ళిపోతూ తలుపు దగ్గర, తలుపు ఎక్కడ చప్పుడవుతుందోనని రెండు చేతులతో పట్టుకుని మూశాడు.



జూలై 20, ఆదివారం

ఆడపడుచు ఇంట్లో అందరూ ఉన్నారు. మా ఆయన, ఆడపడుచు, ఆమె భర్త, పాప. అత్తయ్యను లోపలి గదిలోకి రమ్మన్నాను. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోనంది. నొప్పి, అలాగే చెప్పు అంది. కొంచెం గట్టిగా చెప్పాను. చెయ్యి చెవి దగ్గర పెట్టి ఇంకా గట్టిగా అంది. ఇంకా గట్టిగా చెప్పాను. ఇంకా అంది.

అరిచాను. మీ చెవులు బాగానే ఉన్నాయి, తప్పు నాది, జూలై రెండు నుంచి నాకు తెలుసు, భయపడి నోరు మూసుకున్నాను అని, ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. హాల్లో టీవీ ఆపేశారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. భూమి చీలితే అందులో దూకేదాన్ని.

అత్తయ్య చెయ్యి దించింది. పోయిన ఆదివారమే తెలుసు, మిషన్ రాక ముందు పదేళ్ళు మీ అందరి పెదాలు చూసే కదా కాపురం నెట్టుకొచ్చాను అంది. నాకు చెప్పడానికి కాదు, వాళ్ళకు వినపడాలని అరిపించాను అంది. గొంతు పెంచలేదు. కోపంగా కూడా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది. పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. మా ఇల్లు వచ్చాక మా ఆయన, పద్దెనిమిది రోజులా అన్నాడు. అంతే.

నేను వచ్చేస్తుంటే అత్తయ్య ఒక్కమాట అడిగింది. నాకైతే కోడలివి కాబట్టి చెప్పావు, మిగతావాళ్ళకు ఎవరు కోడలు?

జూలై 21, సోమవారం

డాక్టరమ్మకు చెప్పాను. బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పింది. ఆరోజు లైను బాగుందా అని నిన్నడిగాను అంది. అడిగారండీ అన్నాను. నువ్వే టెస్ట్ చేశానన్నావు అంది. అవునండీ అన్నాను.

సౌండ్ పెంచింది ఎంతమందికో లెక్క తీయమంది. ముప్పై నాలుగు. ఫోన్లు నువ్వే చెయ్యి, రిసెప్షనిస్టు చెయ్యదు, నేను చెయ్యను, నీ సంగతి తరువాత అంది. రూటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇమ్మంది. ఇచ్చాను. ఒక అక్షరం తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాశాను.

జూలై 24, గురువారం

ముప్పై నాలుగూ అయ్యాయి. నేను కట్టిన వాయిస్ లైను మీద, నా గొంతుతో. ఒక్క ముక్క పోలేదు.

మీ చెవులకు ఏమీ కాలేదండీ, ఫోన్ పరికరంలో నేను తప్పు చేశాను, మిషన్ తెస్తే మళ్ళీ పాత సౌండ్‌కు మారుస్తారు. ఇదే ముప్పై నాలుగుసార్లు. ఐదుగురు మధ్యలో పెట్టేశారు. ఒకాయన తిట్టాడు, హాయిగా అనిపించింది. ఒకావిడ ఏడ్చి, నీ కడుపు చల్లగా ఉండాలమ్మా, ఎంత మంచి కబురు చెప్పావు అంది. ఆ దీవెన ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సెక్రటరీ పెద్దాయన అంతా విన్నాడు. మీటింగుల్లో ఎవరేమంటున్నారో వినపడదేమోనని పోయిన నెలే రాజీనామా ఇచ్చేశాడట. పదకొండేళ్ళుగా ఆ కుర్చీ మీద కన్నేసిన మూడో ఫ్లోరాయన వెంటనే కూర్చున్నాడట. వెళ్ళి ఆయన దగ్గర సంఘం ఆఫీసు తాళాలు నువ్వు అడిగి తెస్తావా అమ్మా అన్నాడు. లైను తెగిందేమోనని ఆయన హలో హలో అన్నాడు. తెగలేదండీ, ఉన్నాను అన్నాను.

జూలై 27, ఆదివారం

అత్తయ్య మిషన్ పాత సౌండ్‌కు వచ్చింది. ఆడపడుచు ఇంకా నమ్మడం లేదు. వంటింటి తలుపు వేసి, అటు నుంచి తనే పాతిక మాటలు చదివింది, మామూలు గొంతుతో. అత్తయ్య హాల్లో కూర్చుని వచ్చినవి వచ్చినట్టు చెప్పింది. ఇరవై మూడు. ఆడపడుచు తలుపు తీసి, ఆలోచిద్దాం అమ్మా అంది. అత్తయ్య సరే అంది.

ఎవరూ నన్ను లోపలికి రమ్మనలేదు. చెప్పులు విడిచిన చోటే నిలబడి విన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

హాల్లో అందరం ఉన్నాం. టీవీ నడుస్తోంది. లోపలి గదిలో పాప నిద్రపోతోంది.

నాకేమీ వినపడలేదు. అత్తయ్య అప్పటికే పాప గది వైపు లేచింది.