గిటార్ అంచున గాట్లు

జూన్ 9

ఇవాళే రాసి పెట్టుకోవాలి. మా ఇంట్లో సంతోషం మొదలైతే ఎవరు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు. రాయడం వచ్చింది నాకొక్కదానికే.

నాయిన పనిచేసే కార్ఖానా మాలక్ నర్సప్ప శేట్ కొడుకు రుషికేశ్ మా ఇంటికి వచ్చాడు. దాజీ పేట్‌లో మా గల్లీలో కారు పట్టదు. కొంతం చౌక్ దగ్గర ఆపి నడిచి వచ్చాడట. అంత కష్టం ఎందుకు?

చాయ్ తాగి, అల్మారా మీది గిటార్ దించమన్నాడు. నాయిన ఒకప్పుడు పెళ్ళిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన ఎలక్ట్రిక్ గిటార్ అది. నాకంటే చాలా పాతది. ఎర్ర రంగు పెచ్చులు లేచింది. ఆంప్లిఫయర్ ఎప్పుడో పోయింది. సాంచాల, అంటే కరెంటు మగ్గాల, మోతలో నాయిన చెవులూ పోయాయి. నేను డిగ్రీ పాసైన రోజు 'ఇగ ఇది నీది' అని నా చేతిలో పెట్టాడు.

అది ఇస్తే బదులుగా ఒక సాంచా ఇస్తానన్నాడు రుషికేశ్. నాయిన రోజూ టవల్స్ నేసే ఏడో నంబరు సాంచానే, మోటరుతో సహా. అమ్మ ఇక ఆగలేదు. బీడీల చాట ఎటు జరపాలో, సాంచా ఎక్కడ నిలబెట్టాలో అప్పుడే జానలతో కొలిచేసింది.

గిటార్ పై అంచున చిన్న చిన్న గాట్లు చూసి రుషికేశ్ మొహం ముడిచాడు. 'ఎల్కలు బాబూ, మా ఇంట్ల మాకంటె అవే ఎక్కువ' అంది అమ్మ. 'ఎల్కకు మ్యూజిక్ రుచి తగిలినట్టున్నది కాకూ' అన్నాడు రుషికేశ్ అమ్మతో. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. పాత గిటార్‌కు ఎవరైనా సాంచా ఇస్తారా? ఆలోచించి చెప్తామన్నాను. 'ఆలోచించుడేందే పోరీ' అని అమ్మ నా తొడ గిల్లింది.

జూన్ 10

నిన్న రుషికేశ్ గిటార్‌కు ముందువైపు ఒక్క ఫోటో తీశాడు. వెనకవైపు, మెడ అతుకు దగ్గరి అంకెలకు మాత్రం ఆరేడు తీశాడు. ఎవరికి పంపడానికి?

జూన్ 12

మా గల్లీలో ఏ వస్తువు మీదైనా రెండు రోజులకే దూది దుమ్ము పేరుకుంటుంది. గిటార్ మీద లేదు. నేను క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గర కూర్చున్నప్పుడు ఎవరో దాన్ని దించుతున్నారు.

అమ్మను అడిగాను. 'బీడీలు చుట్టనీకె ఫుర్సత్ లేదు, నీ డబ్బాతోని నాకేం పని' అంది.

గాట్లలో ఒకటి కొత్తది. రంగు కింద తెల్ల చెక్క కనిపిస్తోంది. ఎలుక ఎప్పుడూ ఒకే చోట కొరుకుతుందా?

జూన్ 14, మధ్యాహ్నం

నాయినకు అన్నం డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లాను. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. చిన్నప్పటి నుంచి డబ్బా మోసి మోసి నాకూ అలవాటైంది.

ఆఫీసు అద్దం వెనక రుషికేశ్ ఎవరితోనో మరాఠీలో మాట్లాడుతున్నాడు. చేతిలోని ఫోన్‌లో మా గిటార్. ఆ ఎర్ర రంగు ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. పుణెలో ఒకాయన దీనికోసం ప్రాణం పెడుతున్నాడన్నాడు. అవతలి మనిషి వీపు నావైపు ఉంది, ఏమడిగాడో తెలియలేదు. రుషికేశ్ నవ్వాడు. ఆషాఢీ ఏకాదశి అయ్యాక సాంచాలన్నీ భంగారుకే, తుక్కు కిందికే కదా, కొత్త రేపియర్ మిషన్లు వస్తున్నాయి కదా, అన్నాడు.

పాత ఇనుముకు మా గిటార్! డబ్బా పెట్టేసి వచ్చాను.

అదే రోజు, సాయంత్రం

నాయినకు చెప్పాను. ఆశ్చర్యపోలేదు. 'ఎర్కే బిడ్డా. ఆ అద్దం ఎన్క మాట్లాడేది సాంచాల మీదోళ్లందరికి ఎర్కే. శేట్‌కు షుగర్ ఉన్న ముచ్చట ఆయన పెండ్లాం కంటె ముందుగాల మాకే తెల్సింది' అన్నాడు.

మరి ఎందుకు ఒప్పుకుంటున్నావన్నాను. కొత్త మిషన్ కాడ చెవిటోన్ని ఎవడు నిలవెడ్తడన్నాడు. భంగారైనా ఏడో నంబరుకు తన చెయ్యి తెలుసట. ఇంట్లో పెట్టుకుంటే ఇంకొన్నేళ్లు నేస్తాడట. 'గిటార్ నాకు ఇనవడదాయె, నీకు వాయించ రాదాయె. ఇచ్చెయ్. నీదే గద, నువ్వే చెప్పు' అన్నాడు.

అని గోడవైపు చూశాడు. పెదవులు చూసి బతికే మనిషి చూపు తిప్పుకున్నాడంటే, నా జవాబు అక్కర్లేదనే. ఏదో దాస్తున్నాడు. రుషికేశ్ సరే, నాయిన కూడానా?

జూన్ 16

ఎలుక దొరికింది.

క్లినిక్ నుంచి త్వరగా వచ్చాను. తలుపు తెరిచే ఉంది. నాయిన నేల మీద కూర్చున్నాడు. గిటార్‌ను గుండెల దాకా ఎత్తి, పై అంచును పళ్లతో కరిచి పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్లు తీగల మీద నడుస్తున్నాయి. గుమ్మంలో ఉన్న నాకు దోమ పాటంత కూడా వినపడలేదు. ఆయన తల మాత్రం తాళం తప్పకుండా ఊగుతోంది.

చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లాను. ఆయనకు వినపడదని గల్లీ చివరికి వెళ్లాక గుర్తొచ్చింది. తిరిగి వచ్చేసరికి గిటార్ అల్మారా మీద ఉంది. 'ఎల్కల మందు తేవాలె బిడ్డా' అన్నాడు నాయిన.

ఆయన రాత్రి పాళీకి వెళ్లాక నేనూ అక్కడే కరిచి, లావు తీగ మీటాను. చెవులతో పని లేకుండానే తలంతా మోగింది.

జూన్ 17

రుషికేశ్ కాదంటే గిటార్ మిగులుతుంది, సాంచా పోతుంది. తెలిసే మెసేజ్ పంపాను. మరాఠీలో పంపింది ఇదీ:

రుషికేశన్నా, గిటార్ ఇవ్వను. మా ఇంటి ఎలుకకు దానితో ఇంకా పని ఉంది. ఏడో నంబరు సాంచాను భంగారువాడికి ఏ ధరకు ఇస్తున్నారో ఆ ధరకే మాకివ్వండి. నా జీతంలోంచి నెలనెలా కడతాను. మీ ఆఫీసు అద్దానికి పరదా లేదు. ఈ శుక్రవారం, జూన్ 20 లోపల జవాబు చెప్పండి.

దశరథ్ కూతురు ప్రాజక్త