పటేలు కారుకు నా టైర్లు

భువనగిరి, దసరా రాత్రి.

కారు పోయింది. "నడిపినన్ని రోజులు నీ బండే అనుకో నర్సింహా" అని పటేలు కిరాయికి ఇచ్చిన కారు. ఆ మాట నమ్మి, బాపు మగ్గం అమ్మి దానికి కొత్త చక్రాలు, టైర్లు వేయించాను. గుట్ట దారిలో పాతవి ఊరికే పంచరయ్యేవి.

పొద్దున ఆ చక్రాలకు పసుపు కుంకుమ పెట్టింది నేనే. సాయంత్రం జమ్మి ఇచ్చి కాళ్లు మొక్కితే పటేలు లేపి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. నా చేతిలో జమ్మి పెట్టి, ఆ చెయ్యి వదలకుండానే అన్నాడు: "తాళంచెవి ఇయ్యి. రేపటిసంది మా బామ్మర్ది నడుపుతడు."

"మరి నా టైర్లు, పటేలా?"

"బండికున్నయి బండియే గదరా. పండుగపూట గీ లొల్లెందుకు?"

లొల్లి చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో... తాళంచెవి ఇచ్చి నడిచి వచ్చాను.

"బండేది బిడ్డా?" అన్నాడు బాపు. తల దించుకుంటే కాళ్లకు చెప్పులు కనిపించాయి. ఆ కారు పాత టైర్లు కోయించి కుట్టించుకున్నవి.

బండికున్నవి బండివే అయితే ఇవీ పటేలువే. రేపు ఆయన గడప మీద విడిచి రావాలి.