ఎవరి విడుదల

ఆదివారం రాత్రి, కోసిగి

ఒరే పాస్టరయ్యగారూ, రాస్తున్న నిన్నే అడుగుతున్నా. నువ్వు వాక్యం చెప్పేవాడివా, అబద్ధం మోసేవాడివా?

మూడు నెలలుగా ఒక చిన్న లైనక్స్ కొత్త వెర్షన్ విడుదల కోసం కాచుకొని ఉన్నాను. పాత కంప్యూటర్లను నడిపే, అనవసరమైనదేదీ మోయని సిస్టమ్ అది. ప్రార్థన హాలులోని ముసలి కంప్యూటర్ దానితోనే బతుకుతోంది. శుక్రవారం హాలు గుమ్మంలో నిలబడి, కర్నూలులో ఉండే నా స్నేహితుడు దానియేలుతో ఫోన్లో "ఇంగ దిగుల్లేదప్పా, విడుదల ఈ వారమే!" అని అరిచాను. లోపల ఊడుస్తున్న సుంకమ్మ విన్నది.

ఈ ఉదయం ఆరాధనలో ఆమె సాక్ష్యానికి లేచింది. "కడప జైల్లో ఉండే నా కొడుక్కి ఈ వారమే విడుదలంట. అయ్యగారికి దేవుడు తెలిపినాడు, నా చెవులారా విన్నా. ఇంగ నేను మిరప కోతకు పోను, ఈడే ఉంటా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను "స్తోత్రం" అన్నాను. ప్రవక్త అనిపించుకోవడం అంత తీయగా ఉంది మరి.

సాయంత్రం దానియేలుకు చెబితే, "కంప్యూటర్ బాగుచేయమంటే జైలు తలుపులు తీస్తాండావే!" అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం.

బైబిలు గ్రంథం చేతికందేంత దగ్గరలోనే ఉంది. అయినా నేను మాటిమాటికీ తెరుస్తున్నది డౌన్‌లోడ్ పేజీనే. మిరప కోత కూలీల లారీ తెల్లవారకముందే గుంటూరుకు పోతుంది. అది తప్పితే ఈ ఏడాది ఆమెకు వేరే పని లేదు. నిజం చెబితే ముఖాన ఉమ్మేస్తుందేమో, సంఘమంతా...

ఉమ్మనీ. కలం పడేయి, చెప్పులు వేసుకో, సుంకమ్మ తలుపు కొట్టు. ఈ రాత్రే, లారీ కదలకముందే.