తలుపు దగ్గర సంచి

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, నేను, మన బుడంకాయ ముగ్గురం బాగానే ఉన్నాం. మీరూ ఆ ఓడ ఇంజను గదిలో వేళకింత తింటున్నారనే అనుకుంటున్నాను. ఫోన్లో అయితే అత్తయ్య పక్కనే ఉంటారు, అందుకని రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. నేను నూనె రాసినప్పుడు మాత్రం తగ్గిందంటారు, నన్ను సంతోషపెట్టడానికి. భూకంపం వస్తే పట్టుకుని పరిగెత్తే సంచి సర్దావా అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు అడిగారు. సర్దానండీ. టార్చి, నీళ్లు, బిస్కెట్లు, అత్తయ్య బీపీ మాత్రలు, పిల్ల జ్వరం మందు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో కాగితాల జిరాక్సులు. భుజం కోసుకుపోతోందని పట్టీలు నేనే మిషను మీద వెడల్పుగా కుట్టాను. "దీని బరువు చూస్తే భూకంపమే మనల్ని చూసి పారిపోయేట్టుంది అమ్మాయ్" అని అత్తయ్య ఒకటే నవ్వు.

మీరు చెప్పినట్టే రోజూ అలవాటు చేసుకున్నాను. వంటింట్లో ఉన్నా, మిషను ముందున్నా, లేవడం, సంచి భుజాన వేసుకోవడం, వీధిలోకి పరుగు. "రైలు దొరికిందా అమ్మా?" అని ఎదురింటి కాంపౌండరు గారు ఆటపట్టించేవారు. కాళ్లకు అడ్డం పడుతుందని బుడంకాయ బడికి వెళ్లాకే ఇదంతా చేసేదాన్ని.

పోయిన మంగళవారం మధ్యాహ్నం భూమి నిజంగానే కదిలింది. కంగారు పడకండి. ఇల్లు పడలేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు, గాజు సీసా ఒకటి పగిలింది. ఆ రోజు పిల్లకి ఒళ్లు వెచ్చగా ఉందని బడి మాన్పించాను. లోపలి గదిలో నిద్రపోతోంది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్లి టీ పెట్టుకుని వచ్చాను. దాచి లాభం లేదు, రాసేస్తాను.

నేను సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. ఒక్కదాన్నే. "పాపేదమ్మా?" అని కాంపౌండరు గారు అరిచారు. "అన్నీ తెచ్చానండీ" అన్నాను. ఆయన నా మొహం వైపే చూస్తున్నారు. అప్పటికీ నాకు తట్టలేదు. అంతలో, గోడ పట్టుకోనిదే నడవలేని అత్తయ్య, పిల్లని చంకనేసుకుని గుమ్మం దిగి వస్తున్నారు. దాని కళ్లు నా మీదే ఉన్నాయి.

"కంగారులో ఎవరికైనా అంతే. వాడికి రాయకు, అక్కడ అన్నం సహించదు" అన్నారు అత్తయ్య. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మీరైనా తిట్టండి. నాకు ఏడుపు కూడా రావడం లేదు. వండుతున్నాను, కుడుతున్నాను, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

బుడంకాయా మామూలుగానే తింటోంది, ఆడుకుంటోంది. నా పక్కన పడుకోవడం మాత్రం మానేసింది. దుప్పటి ఈడ్చుకెళ్లి, తలుపు దగ్గర సంచిని ఆనుకుని పడుకుంటోంది. చలిగా ఉంది, లోపలికి రావే అని నిన్న బతిమాలాను.

"వద్దులే అమ్మా. ఇక్కడైతే నువ్వు సంచి తీసుకునేటప్పుడు నేను కనిపిస్తాను" అంది.

ఇట్లు,
బుడంకాయ అమ్మ