పెళ్ళి కార్డులో తెలుగు పుట

కోవిల్‌పట్టి,
ఆదివారం.

చిరంజీవి గోకులకృష్ణన్‌కు అవ్వ దీవించి రాసేది. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఒకరినొకరం భరిస్తూ క్షేమంగానే ఉన్నాం. విరుదునగర్‌లో మీ కంప్యూటరు తప్ప తక్కినవాళ్ళంతా క్షేమమని నీ ఉత్తరం వల్ల తెలిసింది. నీ చెల్లెలు సంగవి పెళ్ళిచీరకు అంచు రంగు కుదిరిందని రాశావు, సంతోషం. నా సంతోషం ఇంతటితో అయిపోయింది. ఇక చదువు.

“ఫ్రీవేర్ అంటే అంతా మోసమేనా అవ్వా?” అని అడిగావు. కాదురా. బడిలో ఆడపిల్లలకు కంప్యూటరు పాఠం చెప్పి రిటైరైనదాన్ని నేను, నా మనవడికి చెప్పడం మాత్రం మరిచిపోయాను. తయారుచేసినవాడే డబ్బు కట్టకుండా వాడుకోండని ఇచ్చేది ఫ్రీవేర్. ఇచ్చినా సొంతదారు వాడే. ఇంట్లో వాడుకో, వ్యాపారానికి వద్దు అని షరతు పెట్టి ఉండొచ్చు, అది చదవాలి. నువ్వు దించుకున్నది అది కాదు. ఒకడు అమ్ముకునే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరును ఇంకొకడు తాళం విరగ్గొట్టి, లోపల తన విషం కలిపి, పైన ‘ఫ్రీ’ అని రాసి ఊరూ పేరూ లేని సైటులో పెట్టాడు. యాంటీవైరస్ ఆపమని వాడు అడిగితే ఆపేశావు! గేటు దగ్గర నిలబడినవాడు ముందు కుక్కను కట్టెయ్యమంటే కట్టేసి, బీరువా ఏ గదిలో ఉందో కూడా చూపిస్తావు కాబోలు.

ఏది దించుకున్నా తయారుచేసినవాడి సొంత సైటు నుంచే దించుకోవాలి. ఎక్కించేటప్పుడు పక్కన ముందే టిక్కు పెట్టి ఉన్న అక్కర్లేని సరుకును తీసెయ్యాలి. నువ్వు గుడిలో గంట కొట్టినట్టు ‘నెక్స్ట్’, ‘నెక్స్ట్’ అని కొట్టుకుంటూ పోయావు. అన్నిటికంటే వినోదం ఏమిటో తెలుసా? తెలుగు కీబోర్డు మీ కంప్యూటరులో మొదటినుంచీ ఉంది. భాషల సెట్టింగులోకి పోయి చేర్చుకుంటే చాలు.

“డిజైన్లన్నిటికీ తాళం వేసినవాడు అడిగిన డబ్బు కడితే అవి తిరిగొస్తాయా?” అని ఇంకో ప్రశ్న. వస్తాయని ఎవరు హామీ? కట్టొద్దు. నెట్ తీసేసి, సైబర్ పోలీసులకు ఫిర్యాదు చెయ్యండి. చీరల డిజైన్లకు ఒక నకలు వేరే డిస్కులో పెట్టి, అది కంప్యూటరుకు తగిలించకుండా దాచమని చెప్పినప్పుడల్లా మీ నాయనా నువ్వూ నవ్వారు. ఇప్పుడు నవ్వండి.

“నీ కోసమేగదా అవ్వా దించింది, తెలుగు పుట లేని కార్డు నువ్వు ఒప్పుకోవుగదా” అన్నావు. ఒప్పుకోను. తరాలుగా ఈ తమిళనాట ఉన్న మనవాళ్ళలో తెలుగు చదవగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. అయినా కార్డులో మొదటి పుట తెలుగులో ఉండాలి, ఇంటి పెద్ద దాన్ని దేవుడి ముందు పైకి చదివాకే తక్కినవి పంచాలి. శివకాశి ప్రెస్సులో తెలుగు కూర్చేవాళ్ళు లేరు, మనమే ఇవ్వాలి, అదీ నిజమే. నేను తెలుగు అడిగాను. కళ్ళు మూసుకొమ్మని అడిగానా?

ఇంతవరకూ రాసింది కోపం కాదు, చిరాకు. కోపం నీ ఉత్తరం చివరి రెండు వాక్యాల మీద. “అముద పెన్‌డ్రైవు వల్లే వైరస్ వచ్చిందని నాయన ఆమెను పనిలోంచి తీసేశారు. దించింది నేనేనని ఆయనకు చెప్పొద్దు అవ్వా.” ఆ పిల్ల మీ దగ్గర కూర్చుని చీరల డిజైన్లు గీసింది. నువ్వు నోరు మూసుకుని నిలబడి ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోవడం చూశావు. వైరస్ ఎక్కించినవాడి మొహం మనకు తెలియదు. నీ మొహం నాకు తెలుసు, అదే నా బాధ.

ఇప్పుడు నేను దాచిన మాట. మంగళవారం బస్సెక్కి మీ ఊరు వచ్చాను. మీ ఇంటికి రాలేదు, అముద ఇంటికి పోయాను. మగ్గాల వీధిలో ఎవరూ ఆమెను పనిలోకి పిలవడం లేదు. పొద్దున్నే శివకాశి వ్యానెక్కి అట్టపెట్టెలు మడవడానికి పోతోంది. ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉంది.

“నా పెన్‌డ్రైవు ఆ దినం తీసుకొనే పోలేదు అవ్వా. సెప్పినా ముదలాళి ఇనలేదు,” అనింది, యజమాని మీ నాయన గురించి.

వాళ్ళమ్మ కాళియమ్మ నాకు కాఫీ పెట్టి, “మీ మనవడు నల్ల పిల్లోడు అనుకొంటిమి,” అనింది. మంచివాడనుకున్నారట, పాపం.

దించింది నువ్వేనని వాళ్ళకు చెప్పేశాను. తెలుగు పుట చేత్తో రాసి తీసుకుపోయాను, అక్షరాలు ఇంకా వంకర పోలేదు. ప్రెస్సువాళ్ళు దాన్ని ఫోటో తీసి అచ్చేయగలరు. ఈ కవరులో వెతక్కు. అది అముద చేతికిచ్చాను. ముందు మీ నాయన దామోదరసామికి నిజం చెప్పు. ఆయన్ను వెంటబెట్టుకుని పోయి, ఆ వీధి వినేలా క్షమించమని అడిగి, పనిలోకి పిలిచి, తర్వాత ఆ పుట అడుగు. ఇవ్వడం ఇవ్వకపోవడం ఆమె ఇష్టం. అది లేనిదే నేను దేవుడి ముందు నోరు తెరవను.

బయల్దేరేటప్పుడు అముద అడిగింది: “వాళ్ళు రాకుంటే ఏమి సేసేది అవ్వా?”

“వాడికి అక్షరాలు దిద్దించింది నేను. వస్తాడు,” అన్నాను.

ఈ వయసులో నన్ను అబద్ధాలకోరును చెయ్యకు.

ఇట్లు,
కోపం తగ్గించుకునే ఉద్దేశం లేని
నీ అవ్వ,
గాంధిమతి